ఊరికి మొదటి వైకుంఠ రథం: సెకండ్ హ్యాండ్‌లో ఏ బండి తీసుకోవాలి?

మా ఊరి యువజన సంఘం కొన్న మొట్టమొదటి బండి వైకుంఠ రథం. అందుకే చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. "అన్నా, మేం కూడా చందాలు వేసుకున్నాం. కొత్తది కొనేంత లేదు. పాతదాంట్లో ఏది తీసుకోమంటావ్?" అని. ఫోన్లో ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు మా సంగతి చెప్పాలి. పాత వల్లకాడు ఊరి చివరే ఉండేది. నలుగురు పట్టి, దారిలో భుజం మార్చుకుంటే చాలు, చేరిపోయేవాళ్ళం. పల్లె ప్రగతిలో కట్టిన వైకుంఠధామంలో నీళ్ళున్నాయి, షెడ్డు ఉంది, అన్నీ బాగున్నాయి. కాకపోతే చెరువు కట్ట అవతల, రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. పాడె మోసే వయసు వాళ్ళలో సగం మంది హైదరాబాద్‌లో ఉంటున్నారు. 2021 వేసవిలో కరోనా రెండో వేవ్ వచ్చినప్పుడు మోసే దిక్కు లేక టౌన్ నుంచి బండి పిలిపిస్తే, వాళ్ళు అడిగినంత ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆ గండం గడిచాక ఊరికి సొంత బండి ఉండాలని అందరం కూర్చుని తీర్మానించుకున్నాం.

కొన్నాం. కానీ తప్పుగా కొన్నాం. తెలిసినవాళ్ళ ద్వారా తక్కువకు వస్తోందని, పెయింట్ బాగుందని, ఇంజిన్ చప్పుడు శుభ్రంగా ఉందని ఒక చిన్న బండి తీసుకున్నాం. హైవే మీద అరవైలో నడిపి చూస్తే బ్రహ్మాండంగా పోయింది. మూడో అంతిమయాత్ర రోజు, ఏప్రిల్ ఎండలో చెరువు కట్ట ఎక్కుతుంటే బండి కింద నుంచి రబ్బరు చెప్పు కాలినట్టు వాసన మొదలైంది. డ్రైవర్ యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది గానీ చక్రం కదలడం లేదు. ముందు నడుస్తున్న పెద్దకొడుకు చేతిలో నిప్పుకుండ పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు. డప్పులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రెండు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు. చివరికి అతనే "దించండన్నా, మోసుకుపోదాం" అన్నాడు. మిగిలిన దూరం భుజాల మీదే వెళ్ళాం.

సాయంత్రం మెకానిక్ గేర్‌బాక్స్ దించి క్లచ్ ప్లేట్ నా చేతిలో పెట్టాడు. నల్లగా, గాజులా నున్నగా అయిపోయి ఉంది. అంచుల్లో లైనింగ్ పొడిపొడిగా రాలుతోంది. "తమ్ముడూ, బండిది తప్పు లేదు. సరుకు మోసే బండిని ఊరేగింపుకు వాడారు" అన్నాడు. ఆయన అన్న ఆ మాట మీదే ఈ సలహా అంతా నిలబడి ఉంది.

మనిషి నడకతో నడవాలి

శవయాత్ర గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది. డప్పుల దగ్గర, పేలాలు చల్లే దగ్గర, దింపుడు కళ్ళం దగ్గర ఇంకా తగ్గుతుంది. మామూలు బండి ఫస్ట్ గేరులో, క్లచ్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా వదిలేసినా దాదాపు ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఈ తేడా సర్దడానికి డ్రైవర్ హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ పెడల్ సగం తొక్కి పట్టి నడుపుతాడు. రెండు కిలోమీటర్ల దారికి నలభై నిమిషాల హాఫ్ క్లచ్. ఏ క్లచ్ అయినా ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? పైగా ఎదురుగాలి లేక రేడియేటర్ చల్లబడదు, ఫ్యాన్ ఒక్కటే దిక్కు.

కాబట్టి కొనేముందు మైలేజీ అడగడం మానేయండి. ఏడాదికి ఇరవై యాత్రలు, పోను రాను నాలుగు కిలోమీటర్లు అనుకున్నా వంద కిలోమీటర్లు నిండవు. అడగాల్సింది నడక గురించి. ఖాళీ బండిని ఫస్ట్ గేరులో వేసి, రెండు కాళ్ళూ పెడళ్ళ మీద నుంచి తీసేయమని డ్రైవర్‌కు చెప్పండి. మీరు పక్కనే నడవండి. మామూలు నడకతో మీరు దాన్ని అందుకోగలిగితే, అది కుదుపు లేకుండా, ఆగిపోకుండా పోతుంటే ఆ బండి పనికొస్తుంది. మీరు పరుగు పెట్టాల్సి వచ్చినా, ఇంజిన్ కొట్టుకుంటూ ఆగిపోయినా ఇంటికి వచ్చేయండి. సాధారణంగా చిన్న పెట్రోల్ ఇంజిన్లు ఇక్కడే తడబడతాయి. కాస్త పెద్ద డీజిల్ ఇంజిన్లకు అడుగు వేగంలోనే లాగే శక్తి ఉంటుంది, అందుకే నింపాదిగా నడుస్తాయి.

డీజిల్‌లో ఒక మెలిక ఉంది. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 అనే కొత్త పొగ కాలుష్య ప్రమాణం వచ్చింది. ఆ డీజిల్ బళ్ళలో చాలావాటికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు రోడ్డు మీద వేగంగా, వేడిగా పరుగెత్తాలి. మన బండి ఎప్పుడూ నడకే కాబట్టి ఫిల్టర్ మూసుకుపోయి డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ఆ తర్వాత బలం తగ్గిపోతుంది. దానికి ముందటి ప్రమాణమైన బీఎస్-4 బండికి, అంటే 2017 నుంచి 2020 మధ్య దానికి ఈ బాధ తక్కువ. కొత్త మోడల్ దొరికింది కదా అని ఎగబడకుండా, ఈ పనికి బీఎస్-4 డీజిల్ చూడమని నా సలహా. బీఎస్-6 డీజిలే దొరికితే నెలకోసారైనా హైవే మీద అరగంట తోలడానికి ఒకరిని నియమించుకోండి.

ఏయే బళ్ళు దొరుకుతాయి

టాటా ఏస్ అందరికీ తెలుసు. 2005లో వచ్చింది, రెండు సిలిండర్ల డీజిల్. ఏ ఊళ్ళో మెకానిక్‌ని అడిగినా విప్పి బిగిస్తాడు, సామాన్లు చవక, ఇరుకు సందుల్లో తిరుగుతుంది, తొట్టి ఎత్తు తక్కువ కాబట్టి ఎత్తేవాళ్ళకు సులువు. ఇబ్బంది పొడవుతోనే. తొట్టి ఏడడుగుల పైన కొంచెం ఉంటుంది. ఫ్రీజర్ బాక్స్ పడుతుంది. కానీ పాడె బొంగులు ఎనిమిది తొమ్మిది అడుగులు ఉంటాయి, వెనక డాలా తెరిచి పెట్టాల్సిందే. పక్కన ఒక బల్ల వేస్తే నలుగురు కూర్చోవచ్చు, అంతకు మించి ఇరుకు. ఊరు చిన్నది, దారి చదును, కిలోమీటరు లోపే దూరం అయితే ఏస్ సరిపోతుంది. కట్ట, గుట్ట, మట్టి ఎక్కుడు ఉంటే వద్దు.

అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా బొలెరో పికప్ ఈ రెండూ నా మనసుకు దగ్గరైనవి. దోస్త్ 2011లో వచ్చింది, మూడు సిలిండర్ల డీజిల్, టన్నుంబావు మోస్తుంది, తొట్టి ఎనిమిది అడుగులు దాటి ఉంటుంది. బొలెరో పికప్‌కు ఇంజిన్ ఇంకా పెద్దది, తొట్టి ఇంకా పొడుగు. మనకు కావాల్సింది టన్ను మోయడం కాదు, ఆ మోసే సత్తా ఉన్న బండికి క్లచ్ కూడా పెద్దదే ఉంటుంది. మనం ఎక్కించే బరువుకు అది అలవోకగా నడుస్తుంది. మేం రెండోసారి కొన్నది ఈ తరగతి బండే. బొలెరోలో ఒక కష్టం ఉంది, తొట్టి ఎత్తు. పాడెను ఛాతీ దాకా లేపాలి. పెద్దవయసు వాళ్ళు పట్టుకుని ఉంటే అది ప్రమాదం. బాడీ కట్టించేటప్పుడే కింద రెండు మెట్లు, తొట్టిలో లోపలికి జారే స్టీలు బల్ల పెట్టించండి. బల్ల బయటికి లాగి, పాడె దాని మీద ఆనించి, లోపలికి తోస్తే చాలు. వెల్డింగ్ షాపు అతను ఒక్క రోజులో చేస్తాడు.

పాత అంబులెన్స్ గురించి చాలామంది అడుగుతారు. లోపల చోటు, తలుపులు, స్ట్రెచర్ పట్టాలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి ఆశ పుడుతుంది. మారుతి ఓమ్ని తయారీ 2019లో ఆగిపోయింది, పైగా 796 సీసీ చిన్న ఇంజిన్ సీటు కిందే ఉంటుంది, నడక వేగంలో డ్రైవర్ కాళ్ళ దగ్గర పొయ్యి పెట్టినట్టే. మారుతి ఈకో కొంత మేలు. ఫోర్స్ ట్రావెలర్, టాటా వింగర్ పెద్దవి, ఎత్తైనవి, పదిమంది కూర్చుంటారు. ఆసుపత్రి నుంచి యాభై, వంద కిలోమీటర్లు దేహాన్ని తేవడమే మీ ముఖ్య అవసరమైతే ట్రావెలర్‌ను మించింది లేదు. ఊళ్ళో ఊరేగింపుకు మాత్రం అది నచ్చదు. నాలుగు వైపులా మూసి ఉంటుంది, చివరి చూపు చూడాలనుకునే వాళ్ళు అద్దంలోంచి తొంగి చూడాలి. పూలు వేయడానికి చెయ్యి అందదు. మా ఊళ్ళో ఒక ముసలమ్మ "నా పెనిమిటిని పెట్టెలో దాచి తీసుకుపోతున్నారా" అని అడిగింది. ఆ మాట విన్నాక నేను మూసిన బండి గురించి మళ్ళీ ఆలోచించలేదు. అంబులెన్స్ కొంటే ఇంకో మాట కూడా: సైరన్, పైన తిరిగే లైటు తీసేయించాలి, ఆర్‌సీలో అంబులెన్స్ అనే మాట మార్పించాలి.

మున్సిపాలిటీలో గానీ ట్రస్టు దగ్గర గానీ వాడిన తయారు వైకుంఠ రథం అమ్మకానికి వస్తే? ట్రస్టుదైతే మొదట దాన్నే చూడండి, ఆర్‌సీలోనే శవవాహనం అని ఉంటుంది, కాగితాల బాధ సగం తగ్గిపోతుంది. ప్రభుత్వానిదైతే వయసు చూడండి. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ బళ్ళ రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు, ఆ నియమంలో మున్సిపాలిటీలు, పంచాయతీలు కూడా ఉన్నాయి. వేలంలో చవకగా పాడుకుంటే మిగిలేది ఇనుమే. ఇంకో సంగతి, తయారు రథం అంటేనే దాని క్లచ్ ఇప్పటికే ఏళ్ళ తరబడి నలిగిపోయి ఉంటుంది. క్లచ్ సెట్టు మార్పించే ఖర్చు ధరలోంచి తగ్గించమని గట్టిగా బేరం ఆడండి.

వీటన్నిటికంటే చవకైన దారి ఒకటుంది. దూరం కిలోమీటరు లోపు, రోడ్డు సీసీ అయితే చేత్తో తోసే నాలుగు చక్రాల రథం చేయించుకోండి. రబ్బరు టైర్లు, బేరింగులు, బ్రేకు, పైన రేకు కప్పు. పెట్రోలు లేదు, ఆర్‌సీ లేదు, మనిషి నడకకు సరిగ్గా సరిపోతుంది. కొడుకులు, మనవళ్ళు తలో చెయ్యి వేసి తోస్తారు. బండి కొనాలన్న పట్టుదలలో దీన్ని చిన్నచూపు చూడకండి.

అందరికీ పనికొచ్చేలా

ఊరి బండి అంటే అన్ని ఇళ్ళదీ. లింగాయత్, జంగమ కుటుంబాల్లో దేహాన్ని కూర్చోబెట్టి, పూల విమానం కట్టి తీసుకెళ్తారు. అందుకు లోపలి ఎత్తు కనీసం ఐదున్నర అడుగులు కావాలి. క్రైస్తవుల పెట్టె భుజాల దగ్గర వెడల్పుగా ఉంటుంది, మూలలు తగలకుండా మధ్యలో మూడడుగుల దారి వదలాలి. ముస్లింలు జనాజాను భుజాల మీదే మోస్తారు, అయినా ఆసుపత్రి నుంచి ఇంటికి తేవడానికి బండి అడుగుతారు. మా బండికి శంఖుచక్రాలు, నామాల బోర్డు వెల్డింగ్ చేయించకుండా నాలుగు బోల్టులతో బిగించాం. ఎవరింటికి వెళ్తే వాళ్ళకు తగ్గట్టు తీస్తాం, పెడతాం. పది నిమిషాల పని, కానీ ఆ ఇంటివాళ్ళు దాన్ని గమనిస్తారు.

కాగితాలు

ఇక్కడ తొందరపడితే ఊరంతా ఇరుక్కుంటుంది. చాలా ఊళ్ళలో గూడ్స్ బండికి పైన రేకు కట్టి, పూలు చుట్టి, వెనక పదిమందిని ఎక్కించి నడిపేస్తున్నారు. ఆర్‌సీలో అది ఇంకా సరుకు బండే. గూడ్స్ బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఇన్సూరెన్స్ వర్తించదని సుప్రీంకోర్టు తీర్పులున్నాయి. కట్ట మీద నుంచి బండి ఒరిగితే ఆ కుటుంబాలకు పరిహారం ఎవరిస్తారు? సంఘం పేరున బండి ఉంటే సంఘం, మీ పేరున ఉంటే మీరు.

దీనికి దారి చట్టంలోనే ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద ముందుగా ఆర్టీఏ అనుమతి తీసుకుని బాడీ మార్చాలి, ఆ మార్పు ఆర్‌సీలో శవవాహనంగా ఎక్కించాలి. అలా ఎక్కితే ఇన్సూరెన్స్ కూడా ప్రత్యేక వాహనాల తరగతిలో రాస్తారు. ఇంకో మేలు చాలామందికి తెలియదు: శవాన్ని, వెంట వచ్చే బంధువులను మోయడానికి మాత్రమే వాడే బండికి పర్మిట్ అక్కర్లేదని సెక్షన్ 66 చెబుతోంది. "మాత్రమే" అన్నది గట్టిగా పట్టుకోవాలి. మధ్యలో వడ్ల బస్తాలు వేశారంటే ఆ మినహాయింపు పోయినట్టే.

పర్మిట్ లేకపోయినా ఫిట్‌నెస్ తప్పదు. బండికి ఎనిమిదేళ్ళు నిండేదాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. ఏడెనిమిదేళ్ళ బండి కొంటున్నప్పుడు ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. కొన్న 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. ఫైనాన్స్ తీరిందన్న కాగితం చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. వేరే జిల్లా, వేరే రాష్ట్రం బండి అయితే పాత చలాన్లు, పన్ను బకాయి ఉన్నాయేమో నంబరు కొట్టి చూడండి.

బండి ఎవరి పేరున పెట్టాలన్న దగ్గర స్నేహాలు చెడిపోతాయి. నేను చూశాను. సంఘాన్ని 2001 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించి, బండి సంఘం పేరునే పెట్టండి. ఎంత మంచివాడైనా ఒక్కడి పేరున వద్దు. అతను దూరమైతే వారసుల సంతకాల కోసం తిరగాలి. డ్రైవర్ విషయంలో కొంత ఊరట ఉంది. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్‌ఎంవీ, అంటే కారు లాంటి తేలికపాటి బళ్ళ లైసెన్స్ చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఊళ్ళో కారు లైసెన్స్ ఉన్న నలుగురికి నేర్పించి పెట్టుకోండి. చావు వేళ చూసి రాదు.

నిలబడే బండి

మిగతా బళ్ళు తిరిగి తిరిగి పాడవుతాయి. ఇది నిలబడి నిలబడి పాడవుతుంది. ఇరవై రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి, టైర్లు ఒకే చోట అణిగి పగుళ్ళు ఇస్తాయి. కొనేటప్పుడు టైరు గాడి లోతు చూసి మురిసిపోకుండా పక్కన ఉన్న నాలుగంకెలు చదవండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైంది. అరగని టైరైనా ఆరేళ్ళు దాటితే నాకు నమ్మకం ఉండదు.

తొట్టి నేలను కూడా చూడండి. పాత రథాలు, అంబులెన్సులు ఐస్ నీళ్ళు, ఫినాయిల్, బ్లీచింగ్‌తో కడిగి కడిగి ఉంటాయి. పైన రేకు మెరుస్తూ ఉంటుంది, కింద ఛానెళ్ళు తుప్పు పట్టి ఉంటాయి. బండి కింద పడుకుని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. గుచ్చుకుంటే ఆ బండి వద్దు. మీరు కట్టించేటప్పుడు నేల మీద స్టీలు రేకు వేసి, వెనక్కి కాస్త వాలు ఇచ్చి, నీళ్ళు పోయే గొట్టం పెట్టించండి.

చివరగా బయానా ఇచ్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది. అమ్మేవాళ్ళను ఒప్పించి బండిని ఒక్క పూట మీ ఊరికి తెచ్చుకోండి. యాభై కిలోల ఇసుక బస్తాలు పన్నెండు ఎక్కించండి. ఫ్రీజర్ బాక్స్, దేహం, వెంట కూర్చునే ఐదారుగురు కలిపి దాదాపు అంతే. మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఏ ఇంటి నుంచైనా వైకుంఠధామం దాకా, ముందు ఇద్దరు మనుషులు నడుస్తుంటే, వాళ్ళ వెనకే తోలండి. దింపుడు కళ్ళం దగ్గర ఐదు నిమిషాలు ఇంజిన్ ఆపకుండా నిలబెట్టండి. ఆ తర్వాత మీ దారిలో అన్నిటికంటే నిటారుగా ఉండే చోట, మాకైతే చెరువు కట్ట, సగంలో ఆపి మళ్ళీ కదిలించండి. వెనక్కి జారకుండా, కాలిన వాసన రాకుండా, టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటకుండా పైకి ఎక్కిందా, బయానా ఇచ్చేయండి.